సిపాయి తల్లి

నర్మదకు అప్పటికే రెండు కాన్పులయ్యాయి. ఇద్దరు పిల్లలూ పుట్టీపుట్టగానే పోయారు. మూడోసారి నెల తప్పినప్పుడు ఆమె భర్త అంబదాస్ సెలవు మీద చెన్నూరులోనే ఉన్నాడు. పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. తిరిగి పటాలానికి పోతూ తల్లి శంకరవ్వకు గట్టిగా చెప్పాడు.

"గీసారి మంత్రసాని వద్దవ్వా. సికింద్రాబాదు మిలిట్రీ దవాఖానకు తోల్కపో. సిపాయి ఇంటోళ్లను ఆడ మంచిగ జూస్తరు."

"దవాఖానకు పోయినోళ్లు మల్ల ఇంటికొస్తరారా?" అని శంకరవ్వ గొణిగింది. కానీ ఆ ఇద్దరు పసిగుడ్లనూ తన చేతులతోనే మట్టిలో పెట్టిన మనిషి ఆమె. నర్మదకు కాళ్లు వాచి, కళ్లు తిరగడం మొదలయ్యేసరికి మగ్గం ఆపేసి కోడలితో మంచిర్యాలలో రైలెక్కింది.

దవాఖానలో డాక్టరమ్మది బెజవాడ వైపు. నర్మదను పరీక్షించి, రక్తపోటు ఎక్కువగా ఉందనీ, కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండాలనీ చెప్పింది. అంతలో శంకరవ్వ గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఈ దగ్గు?"

"మగ్గం నేసేటోళ్లకు నూలు దుమ్ము పడదా? గంతే. నన్నెందుకు, కోడల్ని జూడు."

"మీరు సిపాయి తల్లి కదా. మీకూ ఇక్కడ వైద్యం చేస్తారు."

శంకరవ్వ నమ్మలేనట్టు చూసింది. వద్దు వద్దంటున్నా ఛాతీకి ఫొటో తీయించారు. క్షయ అని తేలింది.

ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. భర్త భూమన్న ఆ రోగంతోనే పోయాడు. ఆ తర్వాత ఏడాదిదాకా వాడకట్టులో ఎవరూ ఆ ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. తన దగ్గులోనూ నెత్తురు కనబడిన నాటి నుంచి ఆమె కొంగును ఎవరి కంటా పడకుండా తానే ఉతుక్కుంటూ వచ్చింది.

"ఎందుకు చెప్పలేదత్తా?" నర్మద ఏడ్చింది.

"చెప్తే రేపు పిల్లనెత్తుకోనిస్తరా బిడ్డా?"

వేరే వార్డులో కొన్ని నెలలు ఉండాలన్నారు. శంకరవ్వ ససేమిరా అంది. కోడలి పురుడు కాగానే ఇంటికి పోతానంది. నర్మద ఆమె చేయి పట్టుకుంది.

"నువ్వు గిట్లనే ఇంటికొస్తే పుట్టేదానికి సుత అంటుకుంటదత్తా. రెండు పోయినయ్. గీ ఒక్కటన్న దక్కనియ్యి. నువ్వు సుత బతుకు. నువ్వు లేకుంట నేనెట్ల సాదుత?"

శంకరవ్వ కోడలి తల నిమిరింది. తర్వాత మూట తీసుకుని నర్సు వెంట నడిచింది.

నర్మదకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది గానీ తల్లీబిడ్డా దక్కారు. కాస్త కోలుకున్నాక పాపను ఎత్తుకుని క్షయ వార్డు ముందర ఆవరణలో నిలబడింది. వరండాలో ఉన్న శంకరవ్వ చప్పున కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"గాడనే ఉండు! ముంగటికి రాకు! ముక్కు ఎవలదొచ్చిందే?"

"నీదే అత్తా!"

"అయ్యో పాపం!" అని శంకరవ్వ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నర్మద వాళ్లన్న వచ్చి తల్లీబిడ్డలను ఊరికి తీసుకుపోయాడు. శంకరవ్వ సూదులు పొడిపించుకుంటూ, చేదు మందులు మింగుతూ అక్కడే ఉండిపోయింది. చేతికి పని లేక వార్డులో వాళ్ల చిరిగిన దుప్పట్లు కుట్టిపెట్టేది. తెమడలో క్రిములు లేవనీ, ఇక మాత్రలు ఇంటి దగ్గర వేసుకోవచ్చనీ, పిల్లను ఎత్తుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పేసరికి ఎండాకాలం వచ్చింది. సెలవు మీద వచ్చిన అంబదాస్ తల్లిని వెంటబెట్టుకుని చెన్నూరు చేరాడు.

పక్కింటి కిష్టవ్వ గడప దాకా వచ్చి ఆగిపోయింది. శంకరవ్వ అది గమనించింది.

"నాకు క్షయ ఉండె కిష్టవ్వా. ఇప్పుడు ఎవలకూ అంటదన్నరు. లోపలికి రా."

కిష్టవ్వ కాసేపు తటపటాయించి, లోపలికి వచ్చి గోడ వారగా కూర్చుంది. నర్మద పాపను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. పాప కొత్త ముఖాన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడ్వనియ్యి" అంది శంకరవ్వ, బిడ్డను ఇంకా దగ్గరికి తీసుకుంటూ. "గొంతు గట్టిగనే ఉన్నది దీనిది."