సగటు మనిషి ముఖం

మా పత్రికలో సగటు మనిషి ముఖం మా ఆయనది. ధరలు పెరిగినా, పన్ను పడినా, వడ్డీ తగ్గినా నేను గీసే బొమ్మలో నెత్తిన చెయ్యి పెట్టుకునేది కేదారే. ఆర్థిక వ్యాసాలకు ఎవరో ఒకరి ముఖం కావాలి, నా కళ్లెదుట ఉన్నది అదొక్కటే. ఆయన కూడా చూసి నవ్వి ఊరుకునేవారు.

ఈసారి వ్యాసం పేరు ‘ఉద్యోగం పోయినా ఉల్లాసంగా’. ఆ సంవత్సరం సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొన్ని చతికిలబడి జనాన్ని ఇళ్లకు పంపేస్తున్నాయి. అయినా అమీర్‌పేటలో మా కింది అంతస్తు జావా క్లాసు మైకు మాత్రం ఆగలేదు. తక్కువతో తృప్తిగా బతకమని రాసిన పెద్దమనిషి బంజారా హిల్స్‌లో ఉంటాడు. చదువుతుంటే ఒళ్లు మండింది. మండినా గీయాలి కదా.

గీయడం, చింపడం. ఏ ముఖమూ కుదురుగా రాలేదు. చివరికి విసుగొచ్చి చేతిని దాని మానాన వదిలేస్తే, కేదార్ వచ్చి కాగితంలోని బెంచీ మీద కూర్చున్నారు. ఒళ్లో మూత తీయని టిఫిన్ డబ్బా. మెడలో ఉండాల్సిన ఆఫీసు కార్డు చొక్కా జేబులో.

పంజాగుట్ట ఆఫీసులో సంపాదకులు రాజనర్సయ్య గారు బొమ్మను చాలాసేపు చూశారు.

“ఉద్యోగం పోయినోడు అచ్చం గిట్లనే ఉంటడమ్మా. ఎవర్ని చూసి గీసినవ్?”

ఎవరినీ కాదని చెప్పబోయి ఆగిపోయాను. కొన్నాళ్లుగా కేదార్ డబ్బా బరువుగా తిరిగొస్తోంది. క్యాంటీన్‌లో తిన్నానంటే నమ్మాను. కార్డు జేబులోకి వెళ్లడం కూడా చూశాను, చూసి పట్టించుకోలేదు. వ్యాసం తృప్తి గురించి కాబట్టి మనిషికి జర నవ్వు పెట్టి రేపు తెమ్మని రాజనర్సయ్య గారు ఇంకా చెబుతూనే ఉన్నారు.

బస్సు కోసం నిలబడే ఓపిక లేక నడిచాను. దారిపొడవునా ఎవరెవరో కోర్సుల కాగితాలు చేతిలో కుక్కుతూనే ఉన్నారు. నా అనుమానం తప్పు కావాలని బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకున్నాను.

కేదార్ మామూలు వేళకే వచ్చారు. షూ విప్పుతుంటే బొమ్మ ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక కాలికి షూ అలాగే ఉంచుకుని కూర్చుండిపోయారు.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. చెయ్యి గీసేసింది.”

ఆయన రెండో షూ కూడా విప్పి పక్కన పెట్టారు. “పార్కులో మూత తీస్తే నీ వంట వాసన వస్తుంది సంహితా. తినలేకపోతున్నాను.”

నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపు వచ్చింది. బొమ్మ లాక్కుని కుంచె అందుకున్నాను. బెంచీ మీద ఆయన పక్కన జాగా ఉంది. అక్కడ నన్ను గీసుకుని, డబ్బా మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టాను. రాజనర్సయ్య గారు అడిగిన నవ్వు మాత్రం ఎవరికీ గీయలేదు.