ఆరో రాయి

కామ్‌వారీ నది ఒడ్డున పాత బందరు రేవు పొడవునా ఈ ఏడాది చరిత్ర బోర్డులు పాతారు. ఒకప్పుడు సరుకుల పడవలు ఆగిన చోటట. ఇప్పుడు అక్కడికి వచ్చేది బట్టల మిల్లుల రంగు నీళ్లే. నది పని అయిపోయేదాకా ఆగి, ఆ తర్వాత దాని గొప్పలు రాయడం మనకు అలవాటు.

ఆ బోర్డుల్లో ఒకటి పడవల తాళ్లు కట్టిన రాళ్ల గురించి. పాత ఫోటోలో ఆరు రాళ్లున్నాయి, ఒడ్డున ఐదే మిగిలాయి. ఆరో రాయి జాడ తెలియదని మరాఠీలో రాసి ఊరుకున్నారు.

జాడ హనుమాండ్లుకు తెలుసు. అది నిజాంపురాలో మా గల్లీ చివర, ఒంటినిండా పసుపుతో, పోచమ్మ అయి కూర్చుంది.

హనుమాండ్లు, యమునాబాయి జగిత్యాల వైపు నుంచి ఈ మరాఠీ ఊరికి మగ్గాల పనికి వచ్చిన కొత్తలో వాళ్ల తొలిచూలు బిడ్డ తట్టు పోసి చనిపోయింది. పూడ్చిన మర్నాడే హనుమాండ్లు మగ్గం మీదికి పోయాడు. యమునాబాయి మూట కట్టింది. "పోచమ్మ లేని ఊర్ల నేనుండ" అంది. ఆ శుక్రవారం మగ్గాలు బంద్. హనుమాండ్లు నూలు చుట్టిన బీములు మోసే చేతిబండి తీసుకుని తెల్లవారకముందే ఒక్కడే బందరుకు పోయాడు. పొద్దెక్కేసరికి గల్లీ చివర పోచమ్మ వెలిసింది. "మన ఊరికెల్లి మన ఎన్కనే వచ్చినట, కలల చెప్పింది" అని భార్యను తీసుకుపోయి చూపించాడు. ఆమె మూట విప్పింది. మిగతా తెలుగువాళ్లు కూడా చెంపలు వేసుకున్నారు. ఆ ఆషాఢం నుంచీ గల్లీలో బోనాలు ఆగలేదు.

మనవరాలు నేహను బడివాళ్లు మొన్న ఆ బోర్డులు చూపించడానికి తీసుకుపోయారు. అన్నం దగ్గర కూర్చుని, "బాపమ్మా, ఫోటోల ఉన్న రాయి మన పోచమ్మ లెక్కనే ఉంది, ఖరంచ్, నిజంగ! మా సార్‌కు గుడ చెప్పిన" అంది.

"నోరు మూస్కొని తిను!" అని హనుమాండ్లు కసిరాడు. పిల్లను ఆయన ఎన్నడూ ఒక మాట అన్నవాడు కాదు. యమునాబాయి ఆయన వంక ఒకసారి చూసి, పప్పు వడ్డించింది.

రాయి పోతుందని కాదు ఆయన భయం. ఇన్నేళ్లూ ఆమె మొక్కిన మొక్కులన్నీ తన అబద్ధానికే మొక్కిందని తెలిస్తే, ఆ ముఖం ఎలా చూడాలన్నది.

బోనాలకు ముందురోజు నేహ వాళ్ల సార్ దత్తాత్రి రానే వచ్చాడు. ఆ బోర్డుల మాటలు రాసింది ఆయనే. మన తెలుగువాడే, పుట్టింది మాత్రం ఇక్కడే. హనుమాండ్లు గల్లీ మొదట్లోనే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, తెచ్చింది నేనే. కావాల్నంటె తీస్కపో. మా ఇంటామెకు మాత్రం చెప్పకు."

"ఏం చెప్పద్దు?"

వెనక యమునాబాయి, చేతిలో పసుపు గిన్నెతో. హనుమాండ్లు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. పాపం దత్తాత్రికే ఏదో ఒకటి అనక తప్పలేదు. "ఏం లేదమ్మా, రాయికి తాడు ఒరిసిన గాడి ఉందేమో చూద్దామని..."

"గాడి ఎన్కదిక్కున్నది సార్. నేనే గోడకు తిప్పి పెట్టిన. తారు గుడ ఉండె. ఎవలన్న చూస్తరని గ్యాసునూనె పెట్టి తోమి, మల్ల పసుపు పూసిన."

దత్తాత్రి గల్లీ చివరికి నడిచి, రాయి వెనక గోడ సందులోకి ఫోను పెట్టి వెలుగు వేశాడు. గాడి ఉంది, నున్నగా, వేలు పట్టేంత లోతున. ఇది మళ్లీ ఒడ్డున ఉంటే బాగుండేదని మెల్లగా అన్నాడు.

"ఆడ తాళ్లు కట్టెటోళ్లున్నరా?"

"లేరమ్మా."

"ఈడ బోనమెత్తెటోళ్లున్నరు."

దత్తాత్రి వాదించలేదు. ఆరో రాయి నిజాంపురాలో ఉందని, ఇంకా వాడుకలోనే ఉందని బోర్డు మార్చి రాయిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత రాయించాడు కూడా.

హనుమాండ్లు అరుగు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచే అడిగాడు. "అంత ఎరుకైతె, ఆ దినం ఊరికెందుకు పోలే?"

యమునాబాయి రాయికి పసుపు పూస్తూ తల తిప్పకుండా చెప్పింది. "బిడ్డ పోతె నువ్వు కన్నీళ్లు పెట్టలే. నీకేం పట్టలేదనుకున్న. ఆ పొద్దు బండి చక్రం ఇరిగిందిగదా. మూల మలుపుకాడికెల్లి ఈ రాయిని దొర్లిచ్చుకుంట, ఎక్కెక్కి ఏడ్సుకుంట వచ్చినవు. చేతులన్ని నెత్తురు. నేను కిటికీలకెల్లి చూసిన."

గిన్నెలో మిగిలిన పసుపు చేతిలోకి తీసుకుంది.

"ఇగ ఎట్ల పోదును?"