చిన్న ప్యాకు

ఆశీర్వాదం చొక్కా అంచుతో సీడీని మధ్యలోంచి బయటికి తుడుస్తున్నాడు. గుండ్రంగా తిప్పి తుడవకూడదని ఎవరో ఎప్పుడో చెప్పారు. చెప్పినవాళ్ళు గుర్తులేరుగానీ మాట మాత్రం పాటిస్తూనే ఉన్నాడు. సామర్లకోట స్టేషన్ రోడ్డులో సుధాకర్ కంప్యూటర్ షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆడడం మొదలైనప్పటినుంచీ ఊరంతా మడ్డి వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆశీర్వాదానికి ఆ వాసన తెలియడం ఏనాడో మానేసింది.

ఒళ్ళో రెండు సీడీలున్నాయి. ఒకదానిమీద స్కెచ్ పెన్నుతో 'పెద్ద ప్యాకు' అనీ, రెండోదానిమీద 'చిన్న ప్యాకు' అనీ రాసి ఉంది. ఊళ్ళో ఎవరి కంప్యూటర్లోనైనా సినిమా వేస్తే బొమ్మ రాకపోయినా, బొమ్మ వచ్చి మాట రాకపోయినా, హీరో తలకిందులుగా కనపడినా, వెళ్ళి ఈ రెండిట్లో ఒకటి వేసి రావడం అతని ఉద్యోగం. పెద్దదాంట్లో సినిమాలు ఆడించే కోడెక్కులు లోకంలో ఉన్నవన్నీ ఉంటాయి. అది వేస్తే ఏ సీడీ అయినా ఆడుతుందిగానీ పాత మెషీన్లు నీరసపడిపోతాయి. చిన్నది తేలిక. మామూలు సీడీలకి సరిపోతుంది, కొన్నిటికి బొమ్మ చూపించి ఊరుకుంటుంది. ఏ ఇంటికి ఏది వేయాలన్నది అక్కడికి వెళ్ళి చూసి తేల్చుకోవాలి.

సుధాకర్‌కి ఆ తేల్చుకోవడాలు గిట్టవు. "పెద్దది వేసెయ్ ఆశీర్వాదం. గొడవ వదిలిపోతుంది," అంటాడు రోజూ. వయసులో చాలా చిన్నవాడు. యజమాని కాబట్టి నువ్వు అంటాడు, ఆశీర్వాదం అండీ అంటాడు. ఇద్దరికీ ఆ పట్టింపు లేదు.

"ముందు గుడి వీధికెళ్ళు. ఫణిశ్రీ టీచర్‌గారిల్లు. పెళ్ళి సీడీ ఆడట్లేదంట. వాళ్ళ నాన్నగారు పొద్దున్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు."

"అలాగేనండి."

మోపెడ్ మీద వెళుతుంటే ఎదురుగా చెరకు బళ్ళు బారులు తీరి వస్తున్నాయి. వాటిని తప్పించుకుంటూ ఆశీర్వాదం ఏమీ ఆలోచించకుండా నడిపాడు. ఏమీ ఆలోచించకపోవడం అతనికి బాగా అలవాటైన పని. మీసాలు మొలిచే వయసులో కడియం నుంచి వచ్చి ఒక వీడియో స్టూడియోలో చేరాడు. మొదట పెళ్ళిళ్ళలో లైటు పట్టుకునేవాడు. ఎడమ మణికట్టు మీద ఆ లైటు కాల్చిన మచ్చలు ఇంకా ఉన్నాయి. గోదావరికి ఇటూ అటూ అన్ని పెళ్ళిళ్ళకీ వెళ్ళాడుగానీ, ఒక్క క్యాసెట్టులోనూ అతని మొహం లేదు. లైటు పట్టినవాడి మీద లైటెవరు వేస్తారు? ఆఖరి బంతిలో చల్లారిన పులిహోర తినేసి, తీగలు చుట్టుకుని వచ్చేసేవాడు. తన పెళ్ళినాడు కూడా లైటెక్కడ పెడితే బాగుంటుందా అని పందిరి గుంజలకేసి చూస్తూ కూర్చున్నాడని భార్య సత్యకుమారి ఇప్పటికీ దెప్పుతుంది.

తర్వాత మిక్సింగ్‌లో కూర్చోబెట్టారు. అదేం బ్రహ్మవిద్య కాదు. పెళ్ళిలో పిల్లల ఏడుపులు, వంటవాళ్ళ కేకలు, పురోహితుడి దగ్గు, ముత్తయిదువల పాటలు, అన్నిటినీ తుడిచేసి వాటి స్థానంలో సినిమా పాటలు పరచడం. తలంబ్రాలకి హుషారు పాట, అప్పగింతలకి ఏడుపు పాట. అందరూ అలాగే చేసేవారు. అలా చేయకపోతేనే పెళ్ళివారు "ఇదేం క్యాసెట్టండీ, సంతలో తీసినట్టుంది" అని మొహం మీదే అనేవారు. పని పూర్తయ్యాక షూటింగ్ చేసిన అసలు క్యాసెట్టుమీద ఇంకో పెళ్ళి తీసేవారు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏళ్ళ తరబడి అలా కూర్చున్నాడు. కంప్యూటర్లు వచ్చాక స్టూడియో మూతపడింది. అప్పుడు కూడా అతనికి పెద్దగా బాధ కలగలేదు.

గుడి వీధిలో ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఫణిశ్రీ స్కూలుకి సెలవు పెట్టినట్టుంది, గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తోంది. గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్నగారికి గుండె బాగా దెబ్బతిందండి. కాకినాడ డాక్టరుగారు ఇంక ఇంటిదగ్గరే ఉంచుకోమన్నారు. అమ్మ పోయి అయిదేళ్ళవుతోంది. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు పాట పాడింది. ఆ ఒక్క పాటా వింటానంటున్నారు. వేరే ఏదీ అడగట్లేదు."

"ఇదివరకు వినలేదాండి?"

"క్యాసెట్టు మావారి వాళ్ళే తీయించుకున్నారు. ఇన్నాళ్ళూ పెనుగొండలో అత్తయ్యగారి బీరువాలోనే ఉండిపోయింది. కొత్తల్లో అక్కడ ఒకసారి వేశారంటగానీ, అప్పుడు నేనిక్కడ పుట్టింట్లో ఉన్నాను. మొన్న మావారు రాజమండ్రిలో సీడీ చేయించారు. తీరా వేస్తే తెరంతా నలుపే."

ఆశీర్వాదం తలూపాడు. సినిమా పాటల సంగతి అప్పుడే మనసులో మెదిలింది. కానీ కొందరు ముత్తయిదువల పాటలు ఉంచమని పట్టుబట్టేవారు, వీళ్ళూ ఉంచమని ఉండొచ్చు. చూడకుండా చెప్పడం దేనికని ఊరుకున్నాడు.

రామచంద్రమూర్తి మాస్టారు కంప్యూటర్ ముందు పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి ఎండిపోయి, బనియన్‌లోంచి జబ్బల ఎముకలు పొడుచుకొస్తున్నాయి. పాదాలు మాత్రం నీరు పట్టి బూరెల్లా ఉబ్బాయి. ఆశీర్వాదాన్ని చూడగానే ఆయన కళ్ళు వెలిగాయి.

"రావయ్యా! ఏంటి దీని రోగం?"

"కోడెక్ లేదండి మాస్టారూ."

"అంటే?"

ఆశీర్వాదం తల గోక్కున్నాడు. "మూడు గంటల పెళ్ళండి. ఇంత చిన్న సీడీలో పట్టాలంటే మడతపెట్టి కుక్కాలండి. మళ్ళీ విప్పాలంటే ఆ మడత తెలిసినవాడు కావాలి. కోడెక్ అంటే వాడేనండి. బొమ్మకొకడు, మాటకొకడు."

"బొమ్మ విప్పేవాడు రాకపోయినా పర్లేదు. మాట విప్పేవాణ్ణి తీసుకొచ్చావా?"

"తెచ్చానండి."

మాస్టారు కుర్చీ చేతులమీద బరువు మోపి లేచారు. కూతురు పట్టుకోబోతే వద్దన్నారు. "నేను స్నానం చేసొస్తాను. అయిదేళ్ళ తర్వాత మీ అమ్మ గొంతు వినబోతూ ఈ జిడ్డు మొహంతో కూర్చోమంటావా?" అని పెరట్లోకి నడిచారు. తండ్రి వెనకే వేణ్ణీళ్ళు తొరపడానికి ఫణిశ్రీ వెళ్ళింది.

ఆశీర్వాదం పెద్ద ప్యాకు వేశాడు. మెషీను గురకపెట్టి, ఆగి, మళ్ళీ మొదలైంది. ముందుగా తను చూసుకోవడం అలవాటు కాబట్టి, జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి తగిలించుకుని పెళ్ళి సీడీ వేశాడు. బొమ్మ వచ్చింది. గులాబీ రేకులు రాలుతూ హృదయం ఆకారంలో ఒక చట్రం, దాని మధ్యలో తల వంచుకున్న ఫణిశ్రీ. ఇలాంటి చట్రాలు తను లెక్కలేనన్ని పెట్టాడు. ఇది తన పనో, ఇంకొకడి పనో తెలియదు. అందరి పనీ ఒకలాగే ఉండేది.

అప్పగింతల దగ్గరికి జరిపాడు. కూతురి చేతులు పాలలో ముంచి వియ్యంకురాలి చేతుల్లో పెడుతోంది ఫణిశ్రీ తల్లి వరహాలక్ష్మిగారు. పచ్చటి మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఆవిడ పెదవులు కదిలాయి. పాట అందుకుంది.

ఆశీర్వాదం చెవుల్లో ఒక మగగొంతు సినిమా పాట పాడింది.

ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. అదే పాట. ఒక్కోసారి అసలు చప్పుడు ఒకవైపు మిగిలిపోతుంది, అందుకని కుడి చెవిది పీకి ఎడమ చెవితో విన్నాడు, తర్వాత ఎడమది పీకి కుడి చెవితో విన్నాడు. రెండువైపులా ఆ మగవాడే. ఆవిడ పాటని ఎవరో శుభ్రంగా తుడిచేశారు. తుడిచినవాడు చాలా నేర్పుగా తుడిచాడు.

పెరట్లో చెంబు చప్పుడు వినపడుతోంది. నీళ్ళు పోసుకుంటూ మాస్టారు ఏదో కూనిరాగం తీస్తున్నారు.

ఆశీర్వాదం పెద్ద ప్యాకుని తీసేశాడు. చిన్నది వేశాడు. మళ్ళీ ఆడించి చూశాడు. బొమ్మ వచ్చింది, చెవుల్లో ఏమీ లేదు. అలా ఎందుకు చేశాడో అతన్ని అడిగితే చెప్పలేడు. అది జాలి కాదు. జాలిపడే చురుకు అతనిలో ఎప్పుడో చచ్చిపోయింది. ఆ మగగొంతు ఆవిడ నోట్లోంచి రావడం మాస్టారు చూడకూడదనిపించింది, అంతే.

మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"బొమ్మొచ్చిందండి. సౌండు రావట్లేదండి," అన్నాడు ఆశీర్వాదం. తన గొంతు ఎవరిదోలా వినపడింది.

"మాట విప్పేవాడు లేడా?"

"దీనికి సరిపడేవాడు లేడండి."

మాస్టారు తెరవైపు తిరిగారు. "సరే, వెయ్యి," అన్నారు.

తెరమీద వరహాలక్ష్మిగారు నోరు తెరిచింది. గది నిశ్శబ్దంగా ఉంది. మాస్టారు ముందుకి వంగి ఆ పెదవులనే చూశారు. కొంతసేపటికి ఆయన వేళ్ళు కుర్చీ చేతిమీద తాళం వేయడం మొదలుపెట్టాయి. తర్వాత చాలా సన్నగా పాడారు. ఆయనకి గొంతు లేదు, సగం ఊపిరే. అయినా ఒక్కో మాటా తెరమీది పెదవులకి సరిగ్గా అతుక్కుంది. తెరమీద ఆవిడ ఆగినచోట ఆయనా ఆగారు.

"ఇదుగో, ఇక్కడ ఏడుపొచ్చి ఆగిపోయింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది, చూడు. మళ్ళీ అందుకుంటుంది," అన్నారు.

ఆవిడ మళ్ళీ అందుకుంది. తలుపు దగ్గర ఫణిశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశీర్వాదం గోడకానుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో తను తుడిచిన పాటల్ని ఎవరో ఒకరు ఇలా నోటికి గుర్తుపెట్టుకుని ఉంటారని అతనికి ఎన్నడూ తట్టలేదు. గుండెలో ఎక్కడో కొంచెం నొప్పిలాంటిది కదిలి, అలవాటు తప్పినదేమో, నిలబడకుండా పోయింది.

మధ్యాహ్నం షాపులో క్యారేజీ విప్పాడు. వంకాయ కూర, చారు. సత్యకుమారి పెళ్ళికి ముందు కడియంలో నర్సరీ పనికి వెళ్ళేది. అది వదిలి వచ్చాక కూడా, ఇక్కడి ఇంట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఏదో పాడుకుంటూ ఉంటుంది. ఏం పాడుతుందో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. చెంబు పట్టుకున్న చెయ్యి కనపడింది, నోరు కదలడం కనపడింది. పాట మాత్రం రాలేదు. అన్నం ముద్ద చేతిలోనే కాసేపు ఉండిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి అడగాలనుకున్నాడు.

మూడుగంటలవేళ సుధాకర్ ఫోను పెట్టేసి విసుక్కున్నాడు.

"ఏంటయ్యా, గుడి వీధిలో సౌండ్ రాలేదంట! పెద్ద ప్యాకు వెయ్యలేదా?"

"మెషీను పాతదండి," అన్నాడు ఆశీర్వాదం.

"మాస్టారేమో తప్పంతా స్పీకర్లదే అంటున్నారు. ఆ అగ్గిపెట్టెల్లోంచి ఏం వినపడుతుందయ్యా, నీ దగ్గరున్నవాటిలో పెద్దవి పంపు, ఇవాళే పంపు అని ఒకటే గోల. ఇవి పట్టుకెళ్ళు. పెద్ద ప్యాకు కూడా వేసేసి రా."

చేతిలో ఉన్న పని ముగించేసరికి నాలుగు దాటింది. స్పీకర్ల పెట్టె బరువుగా ఉంది. మోపెడ్ ముందు భాగంలో పెట్టి, మోకాళ్ళతో అదిమి పట్టుకుని బయల్దేరాడు. వినపడని దానికి ఎంత పెద్ద స్పీకర్లయితే ఏంటి? తన అబద్ధంవల్లే ఆ పెద్దాయనకి లేని ఆశ పుట్టింది. నిజం చెప్పేద్దామనుకున్నాడు. 'మాస్టారూ, ఆ పాట అందులో లేదండి. మాలాంటోళ్ళం తుడిచేశామండి. మీ దగ్గరున్నదే అసలుదండి,' అని చెప్పాలి. దారిపొడుగునా ఆ మూడు మాటలూ లోపల అనుకుంటూనే ఉన్నాడు. లెవెల్ క్రాసింగ్ గేటు పడింది. గూడ్సు బండి తాపీగా, పెట్టె తర్వాత పెట్టె, వెళ్ళింది. గేటు లేచేదాకా ఇంజను ఆపకుండా నిలబడ్డాడు.

ఇంటి ముందు మనుషులున్నారు. మెట్ల దగ్గర చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చేసినట్టున్న విష్ణు, ఫణిశ్రీ భర్త, ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. వసారాలో చాప మీద మాస్టారిని పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. పొద్దున్న పెట్టుకున్న విభూతి ఇంకా చెరగలేదు.

ఆశీర్వాదం చేతుల్లో పెట్టెతో గేటు దగ్గరే నిలబడిపోయాడు. అది పట్టుకుని లోపలికి వెళ్ళడం బాగోదు, పట్టుకుని వెనక్కి పోవడమూ బాగోదు. ఫణిశ్రీ అతన్ని చూసి బయటికి వచ్చింది. ఆమె మొహం వాచి ఉంది.

"భోజనం చేశాక మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారండి. మీరు స్పీకర్లు తెస్తున్నారని టేబుల్ మీద చోటు చేసి, కుర్చీలోనే కూర్చున్నారు. కునుకు పట్టిందనుకున్నాను." కొంచెం ఆగి, పెట్టెకేసి చూసి అడిగింది. "ఇవి పెడితే వినపడేదాండి?"

దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ అతని నోట్లోనే ఉన్నాయి. వాటిని వినాల్సిన మనిషి చాపమీద ఉన్నాడు.

"లేదండి," అన్నాడు ఆశీర్వాదం. "ఆ సీడీలో అమ్మగారి పాట లేదండి. అప్పుడే తుడిచేశారండి. పొద్దున్నే తెలిసిందండి నాకు."

ఆమె ఏదో అనబోయింది. అంతలో లోపలినుంచి ఎవరో పెద్దావిడ పిలిస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆశీర్వాదం పెట్టెని అరుగుమీద ఓ పక్కగా దించాడు. లోపలికి చూసి రెండుచేతులూ జోడించి, మోపెడ్ తోసుకుంటూ వీధి మలుపు దాకా నడిచి వెళ్ళాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అరుగుమీది పెట్టెని తప్పించుకుని నడుస్తున్నారు. పొద్దువాలి అరుగుమీద ఎండ తగ్గేదాకా, టేపు కూడా ఊడదీయని ఆ స్పీకర్ల పెట్టె చెప్పుల పక్కన అలాగే ఉంది.