కొత్త మాటల ఆదివారం

కారులోనే కూర్చుని ఆరోగ్యమ్మ నర్సింగ్‌హోమ్ యూనిఫాం మీద ఊలు స్వెట్టరు తొడుక్కుంది. పేరున్న బ్యాడ్జి కనబడకుండా మెడదాకా గుండీలు పెట్టుకుంది. ఆదివారం పూజ కాగానే డ్యూటీ కాబట్టి ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి. అరవై దాటిన పొట్టి మనిషి. తలుపు పట్టుకుని ముందు ఒక కాలు, కాస్త ఆగి రెండో కాలు కిందపెట్టి దిగింది.

క్యాథలిక్ గుడిలో ప్రతి బల్ల మీదా ప్లాస్టిక్ తొడిగిన కార్డులు ఉన్నాయి. రెండువేల పదకొండు నవంబరు చివరి ఆదివారం అది. ఆ రోజునుంచి ఇంగ్లీషు పూజలో జనం చెప్పే మాటలు మారుతున్నాయి. అసలు లాటిన్‌కి దగ్గరగా ఉండాలని మార్చారని ఫాదర్ నెలరోజులుగా చెబుతూనే ఉన్నారు. ఆరోగ్యమ్మ తల ఊపింది కానీ, నోటికి ఆ సంగతి ఎక్కలేదు.

"ప్రభువు మీతో ఉండుగాక" అని ఫాదర్ ఇంగ్లీషులో అనగానే సగం గుడి 'అండ్ ఆల్సో విత్ యూ' అని పాత జవాబు చెప్పింది, సగం 'అండ్ విత్ యువర్ స్పిరిట్' అని కొత్తది చెప్పింది. వెనక ఎవరో నవ్వారు. ఆరోగ్యమ్మ నోట రెండూ కలిసిపోయాయి. "అండ్ ఆల్సో విత్ యువర్ స్పిరిట్" అనేసి, పక్కవాళ్లు విన్నారేమోనని కార్డు ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

ఆమె ఇంగ్లీషు నేర్చుకున్నది ఈ గుడిలోనే. ఫిరంగిపురం నుంచి భర్త వెంట శాంటా క్లారా వచ్చిన కొత్తలో ఆమెకు ఒక్క ముక్క రాదు. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో పక్కన కూర్చునే డోలరెస్ మోచేత్తో పొడిచి చెప్పేది. డోలరెస్ పోర్చుగీసు మనిషి. పళ్లతోటలు ఆఫీసులుగా మారకముందు ఇక్కడ పీచ్ పళ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఒక ఆదివారం ఆరోగ్యమ్మ ధైర్యం చేసి, చిన్నప్పటినుంచీ పలికిన 'మీ ఆత్మతోను' అన్న మాటను తనకు వచ్చిన ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. డోలరెస్ చెవిలో దిద్దింది: "ఆల్సో విత్ యూ, హనీ. స్పిరిట్ లేదు అందులో."

ఇప్పుడు కార్డు మీద ఉన్నది ఆ స్పిరిటే. ఆనాడు తప్పయింది ఈనాడు ఒప్పెట్లా అయింది? లేక ఇన్నేళ్లూ ఇంతమందీ పలికిందే తప్పా? అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియలేదు.

పూజ అయ్యాక ఫాదర్ చిన్న ఇత్తడిపెట్టెలో ఒక సత్ప్రసాదం, ప్రభువు శరీరమని నమ్మే పల్చటి అప్పం, పెట్టి ఇచ్చారు. మంచాన పడ్డవాళ్లకు తీసుకెళ్లి ఇచ్చే బాధ్యత ఆమెది. పెట్టెను గొలుసుకి తగిలించి మెడలో వేసుకుని, రేడియో పెట్టకుండా నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది. ఆ సత్ప్రసాదం డోలరెస్‌కే. రెండేళ్లుగా డోలరెస్ ఉంటున్నది ఆరోగ్యమ్మ పనిచేసే నర్సింగ్‌హోమ్‌లోనే.

డోలరెస్ కిటికీ దగ్గర కుర్చీలో, కూస్తున్న వినికిడి మిషనును చెవిలో సర్దుకుంటూ ఉంది. నీరు పట్టిన కాళ్లు ఎత్తుపీట మీద మెరుస్తున్నాయి.

"వచ్చావా, ఆరో."

"ఈరోజు మాటలు మారాయి, మిసెస్ డోలరెస్. నేను చదువుతాను, మీరు నా వెంట చెప్పండి." గుడినుంచి తెచ్చిన కార్డు దూరంగా పట్టుకుని, సత్ప్రసాదం తీసుకునేముందు చెప్పే మాటలు ఇంగ్లీషులో చదివింది. నీవు నా ఇంటి కప్పు కిందికి రావడానికి నేను పాత్రురాలిని కాను. ఒక్కమాట పలుకు, నా ఆత్మ స్వస్థత పొందుతుంది.

డోలరెస్ వెంట చెప్పలేదు. "ఏ కప్పు?" అంది.

"అంటే... ఇల్లు."

"ఇల్లెక్కడుంది నాకు? అమ్మేసేకదా ఇక్కడికొచ్చాను. ఈ కప్పు కంపెనీవాళ్లది." కాసేపు ఊపిరి తీసుకుంది. "పాతదాంట్లో నేను స్వస్థత పొందుతానని ఉండేది. ఇప్పుడు ఆత్మ ఒక్కటేనా? మరి ఈ కాళ్లు?"

"నాకు తెలియదండీ. కార్డులో అట్లా ఉంది."

"మీ ఊళ్లో ఏమనేవాళ్లు?"

"ఇల్లనే అనేవాళ్లం. ఆత్మనే అనేవాళ్లం."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

మీరే కదా దిద్దారు అనబోయి ఆరోగ్యమ్మ ఆగిపోయింది.

"లేని కప్పు ఉందని దేవుడి ముందు అబద్ధమాడను. ఫాదర్‌ని అడిగి రా. అప్పుడు తీసుకుంటాను," అంది డోలరెస్. చిన్నపిల్లలా పెదవులు బిగించింది.

పాతమాటే చెప్పండి అనొచ్చు. కానీ ఇవాళ్టినుంచి ఎక్కడైనా కొత్తమాటలే అని సత్ప్రసాదం తీసుకెళ్లేవాళ్ల ట్రైనింగ్‌లో గట్టిగా చెప్పారు. చెప్పినపనిని చెప్పినట్టు చేయడం తప్ప ఆరోగ్యమ్మ బతుకులో ఇంకోటి ఎరగదు. పెట్టె మూత మూసింది.

తర్వాత మామూలు పని. దుప్పట్లు మార్చింది, స్నానాలు చేయించింది, ఓట్‌మీల్ తినిపించింది. మంచాల మీదకి వంగినప్పుడల్లా గొలుసు ముందుకి ఊగేది. ఒక చేత్తో పెట్టెను గుండెకు అదుముకుని రెండోచేత్తో మలమూత్రాలు తుడిచింది. ప్రభువుని మెడలో పెట్టుకుని ఈ పని చేయొచ్చా? తీసి అల్మరాలో పెట్టడం మర్యాదా? అదీ తేల్చుకోలేకపోయింది.

లంచ్ బ్రేక్‌లో బయటికొచ్చి చిన్న ఫాదర్ రాయన్నకి ఫోన్ చేసింది. పల్నాడు నుంచి వచ్చి అదే గుడిలో ఉంటున్న కుర్ర స్వామి.

"ఫాదర్, ఆరోగ్యమ్మనండీ. చిన్న డౌటు. పాతమాటలు చెబితే సత్ప్రసాదం ఇవ్వకూడదాండీ?"

"ఎవరికమ్మా?"

"డోలరెస్ గారికి. ఇల్లే లేనప్పుడు కప్పని ఎట్టా అంటానంటందండీ."

అటువైపు నవ్వు వినబడి ఆగిపోయింది. "నాకే పొద్దున రెండుసార్లు నోరు తడబడిందమ్మా. ఇచ్చెయ్యండి. అసలేమీ అనకపోయినా ఇచ్చెయ్యండి. ఆమె ఒళ్లే ఇల్లు, అదే కప్పు అనుకోమనండి."

"అట్టా చెప్పొచ్చాండీ?"

"చెప్పొచ్చనే అనుకుంటున్నానమ్మా."

ఒళ్లే ఇల్లు అన్నది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ లోపలికి నడిచింది. సగం దారిలో ఇంకో అనుమానం వచ్చింది. ఒళ్లే ఇల్లయితే, ఆ ఇంటికి స్వస్థత వద్దనా కొత్తమాట? అదీ అడుగుదామంటే ఫోన్ పెట్టేసింది కదా.

డోలరెస్ కుర్చీలోనే ఉంది. తల కిటికీవైపు వాలి ఉంది. భోజనం ట్రే మూత తీయలేదు. ఆరోగ్యమ్మ ఆ పనిలో చాలామందిని చూసింది. చెయ్యి పట్టుకోకముందే తెలిసింది.

డ్యూటీ నర్సు వచ్చి, వేళ్లతో మెడ తడిమి, గడియారం చూసుకుని, మొడెస్టోలో ఉన్న మేనల్లుడికి కబురు చేయడానికి వెళ్లింది. ఇద్దరు మగవాళ్లు సాయంపట్టి శరీరాన్ని మంచం మీదికి చేర్చారు. ఆరోగ్యమ్మ తలుపు దగ్గరగా వేసి, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లంతా కడిగింది. ఉబ్బిన కాళ్లను, వేళ్ల సందులను కూడా తుడిచింది. పొద్దున ఎట్లా అన్నా ఇచ్చేసి ఉండాల్సింది. ఇవ్వలేదు. నియమం తప్పలేదు, అదే తప్పేమో.

పెట్టె ఇంకా మెడలోనే ఉంది. పోయినవాళ్లకు ఇవ్వరు. మిగిలినది తెచ్చినవాళ్లే స్వీకరించాలి. మంచం పక్కన నిలబడి మూత తీసింది. ప్రభువా, నేను పాత్రురాలిని కాను అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పాతదానిలోనూ కొత్తదానిలోనూ అంతవరకూ ఒకటే. అక్కడ ఆగింది. పైకి చూసింది. తెల్లటి పలకలు, మధ్యలో ట్యూబ్‌లైటు.

"అండర్ దిస్ రూఫ్," అంది. ఈ కప్పు కిందికి. ఆ మాట పాతదానిలో లేదు, కొత్తదానిలో లేదు, ఫిరంగిపురంలోనూ ఎవరూ అనలేదు. ఇక ఆగకుండా ఒక్కమాట పలుకు, ఆమె స్వస్థత పొందుతుంది అని ముగించింది. 'నేను' అనీ అనలేదు, 'ఆత్మ' అనీ అనలేదు. ఇట్లా చెబితే చెల్లుతుందో లేదో తెలియదు. సత్ప్రసాదం పొడిగా అంగిట్లో అంటుకుని చాలాసేపు కరగలేదు.

సాయంత్రానికి ఫ్యూనరల్ హోమ్ వాళ్లు వచ్చి డోలరెస్‌ని తీసుకెళ్లారు. మేనల్లుడికి ఇవ్వడానికి ఆమె వస్తువులు కవర్‌లో సర్దమన్నారు. రెండు గౌన్లు, జపమాల, చెప్పులు. కడిగేటప్పుడు తను తీసి కిటికీ అంచున పెట్టిన వినికిడి మిషను అక్కడే ఉంది, చిక్కుడుగింజంత. టిష్యూలో చుట్టి కవర్‌లో వేసింది. లోపలనుంచి అది సన్నగా కూస్తూనే ఉంది.