పగటి అన్నం

బాలప్ప కృపాజ్యోతిని అందరి ముందే తన్నాడు. కనకమామిడి పొలిమేరలో, పట్నం సేటు ఫామ్‌హౌస్ వెనక, క్యారెట్లు కడిగే తొట్టి దగ్గర. ఆమెకు అప్పుడు ఏడో నెల.

మేము మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, మట్టి పోయేలా క్యారెట్లు తొక్కుతున్నాము. ఆమె తొట్టిలోంచి బయటికి వచ్చి, చీర దించుకుని, అంగన్‌వాడీకి బయలుదేరింది. ఆమె చేసిన నేరం అంతే. అక్కడ కడుపుతో ఉన్నవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు పగటిపూట అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడతారు. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని తినాలి. మార్కెట్‌కు పోయే బండి నింపే వేళ కూడా అదే.

"ఏడికే? బండి ఎవడు నింపుతడు, నీ మొగుడా?" అన్నాడు మేస్త్రీ బాలప్ప.

"తిని ఉరుక్కుంట వస్తనన్నా. పొద్దుగాల్నుంచి ఉత్త చాయ్ మీదనే ఉన్న."

"ఒక్క గుడ్డు కోసం ఊరేగుతున్నవా? నడు, తొట్ల దిగు."

ఆమె ఆగలేదు. అతను జడ పట్టి వెనక్కి గుంజాడు. పడినదాన్ని బూటుకాలితో తన్నాడు. ఆమె పొట్ట సిమెంటు గట్టుకు తగిలింది. బురద నీళ్లు ఎర్రబడ్డాయి.

ఆటోలో చేవెళ్ల దవాఖానకు తీసుకుపోతుంటే ఆమె తల నా ఒడిలో ఉంది. "అన్నం యాళ్ల దాటిపోయిందా?" అని అడిగింది. దవాఖానలో ముందు బిడ్డ పోయింది, కాసేపటికి తల్లి. "ఒంట్ల రక్తం ముందే తక్కువున్నది. ఇంత పోతే ఎట్ల తట్టుకుంటది?" అంది నర్సమ్మ.

ఆమె భర్త సాముయేలు శవాన్ని ఇంటికి తీసుకుపోలేదు. ఫామ్‌హౌస్ గేటు ముందు దించాడు. చుట్టూ మేమంతా కూర్చున్నాము. బాలప్ప కర్రల మనుషులతో బయటికి వచ్చాడు. దవాఖానలో నర్సమ్మ అన్న మాట అప్పటికే అతని చెవిన పడింది.

"రక్తం లేక సచ్చింది. నన్నడుగుతరేంది? బీరమ్మా, నీ కోడలికి కడుపునిండ బువ్వ పెట్టినవా? జర చెప్పు అందరికి."

జనం గొంతు తగ్గింది. అందులో నిజం ఉంది. మా దగ్గర కడుపుతో ఉన్న కోడలికి సగం అన్నమే పెడతారు. బాగా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందట. ఆ సగం కూడా మగవాళ్లు తిన్నాక గిన్నె అడుగున మిగిలినదే. చర్చికి పోయే ఇళ్లలోనూ, గుడికి పోయే ఇళ్లలోనూ ఇదే పద్ధతి. కొందరు ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

సాముయేలు తల్లి బీరమ్మ శవం పక్క నుంచి లేచింది.

"పెట్టలే. మా అత్త నన్ను గట్లనే మాడ్చింది, నేను గీ పిల్లను మాడ్చిన. మంచికే అనుకున్న. అంగన్‌వాడీ టీచరు వచ్చి నాకు బుద్ధి చెప్పినంక, పో బిడ్డా, తినిరా అని నేనే తోలిన. నువ్వు పోనియ్యలే. బువ్వ తగ్గిచ్చిన పాపం నాది. తన్నిన కాలు నీది."

బాలప్ప కర్ర ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఆ కర్ర మళ్లీ లేవలేదు. అంతమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పనిలో మమ్మల్ని నవ్వించే మనిషి ఆమె.

"దా మేస్త్రీ. ఎన్నడూ గట్టు మీదనే ఉంటవు. జర నీళ్లల్ల దిగు."

గేటు విరిగింది. కర్రల మనుషులు కొడుతూనే ఉన్నారు. నెత్తురు కారుతున్న తలలతోనే ఆడవాళ్లు బాలప్పను ఈడ్చుకుపోయి తొట్టిలో పడేశారు. రోజంతా క్యారెట్లు తొక్కే కాళ్లు అతన్ని తొక్కాయి. నా కాళ్లు కూడా. ప్రాణం తీయలేదు. తన్నిన కాలికి మాత్రం ఇక బూటు తొడిగేలా లేదు.

పోలీసులు లాఠీలతో దిగారు. భుజం విరిగిన బీరమ్మను, అంతమ్మను వ్యానులోకి నెట్టారు. "సారూ, స్టేషన్ల పగటన్నం ఏ యాళ్లకు పెడ్తరు?" అని అంతమ్మ అడిగింది. ఆమె నోటి మీద కొట్టారు.

మరునాడు కృపాజ్యోతిని సమాధి చేసి పనికి వచ్చాము. కొత్త మేస్త్రీ ఉన్నాడు. రోడ్డు మీద పోలీసులూ ఉన్నారు. ఎండ నడినెత్తికి రాగానే, ఎవరూ పిలవకుండానే మేము తొట్టిలోంచి బయటికి వచ్చి అంగన్‌వాడీ దారి పట్టాము. పక్క తోటల్లో పూలు కోసేవాళ్లు, టమాటలు ఏరేవాళ్లు కూడా రోడ్డెక్కారు. కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు మధ్యలో. చుట్టూ మేము.

"ఆగుండ్రి," అన్నాడు ఎస్సై. లాఠీలు వరుసగా లేచాయి.

మాలో ఎవరి నడకా తగ్గలేదు.