తెలియదన్న పాపానికి

ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో అక్టోబరు వచ్చిందంటే ఈదురుగాలీ, దక్షిణ సముద్రపు పంచాయితీ ఒకేసారి దిగుతాయి. పాతిక పైచిలుకు దేశాల వాళ్ళు కోట్లు బిగించుకుని వచ్చి, మనిషన్నవాడు కాపురం ఉండని నీళ్ళ గురించి రెండు వారాలు వాదులాడుకుంటారు. అక్కడ ఓట్లుండవు. అందరూ సరేనంటేనే సరే. ఒక్క దేశం తల అడ్డంగా ఊపిందా, ఆ ఏటికి అంతే సంగతులు.

పెంగ్విన్లను లెక్కపెట్టే శాస్త్రవేత్త ఫ్రీడా లోవెట్‌ది తొమ్మిదేళ్ళుగా ఒకటే మొర. అంటార్కిటికా అంచున టాస్కర్ ఖాతంలో పెంగ్విన్లు పిల్లల్ని సాకే రెండు నెలలూ క్రిల్ వేట ఆపమని. క్రిల్ అంటే వేలెడు లేని రొయ్య. పెంగ్విన్లకు అదే తిండి, పడవల వాళ్ళకు అదే వ్యాపారం. ఆమె మొదటిసారి లెక్కపెట్టినప్పుడు అక్కడ ఎనిమిది వేల గూళ్ళుండేవి. మొన్న జనవరికి, అంటే అక్కడి వేసవికి, మూడు వేలు మిగిలాయి. వచ్చే జనవరిలో కూడా వలలు దిగితే, మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టే ధైర్యం తనకుండదని ఆమెకు తెలుసు.

ఏటా అడ్డుపడేది ఒక చేపల దేశం. పేరెందుకులెండి, రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలి. "హాని ఉందని సైన్సు తేల్చనీయండి, మొదటి సంతకం మాదే" అంటారు. తేల్చడానికి ఓడ అడిగితే మాత్రం అందరూ కాఫీకి లేస్తారు.

ఆ ఉదయం డూగల్ ఆమెను రేవు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఆమె దేశపు ప్రభుత్వం తరఫున విధానాలు రాసే పెద్దమనిషి అతను. నిజం మీద కోపం లేదు కానీ, అది సమయానికి రాదని చిరాకు.

"నేను వాళ్ళ నాయకుణ్ణనుకో. డాక్టర్ లోవెట్, గూళ్ళు తగ్గింది మా పడవల వల్లేనని మీకు ఖచ్చితంగా తెలుసా?"

"నూటికి డెబ్బై పాళ్ళు అవుననే. మిగతాది మంచు తగ్గడం వల్ల కావచ్చు. కాకపోతే ఆ మధ్య రెండేళ్ళు..."

"అమ్మా తల్లీ! 'తెలుసు' అను. ఒక్క ముక్క! నోరు నొప్పెడుతుందా?"

"తెలిస్తే అననా, నాయనా?"

"పెళ్ళిలో పాస్టరు 'చచ్చేదాకా చూసుకుంటావా' అనడిగితే నేను చూసుకుంటాననలేదూ? నాకప్పుడేం తెలుసు?"

"అందుకే కాబోలు, రెండో పెళ్ళికి ఆయన్ని పిలవలేదు."

డూగల్ నెత్తి కొట్టుకున్నాడు. ఫ్రీడా నవ్వింది గానీ, లోపల ఆమెకు భయంగానే ఉంది.

మధ్యాహ్నం ఆ ప్రశ్న రానే వచ్చింది. చేపల దేశపు నాయకుడు ఎంతో మర్యాదగా అడిగాడు. డూగల్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. ఫ్రీడా కాలు వెనక్కి లాక్కుని, "ఖచ్చితంగా తెలియదు" అంది.

హాలంతా నిట్టూర్చింది. నాయకుడు చేతులు చాచాడు. "చూశారుగా. మా శాస్త్రవేత్త ఆన్సెల్మ్ అయితే హాని లేదని రాసే ఇచ్చారు."

ఆన్సెల్మ్ ఆయన వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒకే ఓడలో, ఫ్రీడాకు వాంతులవుతుంటే బకెట్టు పట్టినవాడు. అటువైపు కూర్చున్నాడని ఈ తొమ్మిదేళ్ళుగా మాత్రం ఆమె అతని మొహం చూసి పలకరించలేదు. సభ నడిపే అధ్యక్షురాలి పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ ఏటికింతేనని ఆమె బల్ల మీద కొట్టే సుత్తి ఎత్తబోతుంటే, మాట్లాడాలన్న గుర్తుగా ఫ్రీడా తన పేరు పలక నిలబెట్టింది.

"అదే ప్రశ్న ఆయన్నీ అడగండి. జనవరిలో అక్కడ వలలు వేస్తే పెంగ్విన్ పిల్లలకు హాని జరగదని ఆయనకు ఖచ్చితంగా తెలుసా?"

నాయకుడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపుకు ఎవరైనా తెలుసనే అనాలి.

ఆన్సెల్మ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "తెలియదు. హాని కనబడలేదని రాశాను. లేదని రాయలేదు. వెతకడానికి నాకూ ఓడ ఇవ్వలేదు."

నాయకుడు వెంటనే టీ విరామం అడిగాడు. అది గంటన్నర సాగింది. ఫోన్లు మోగాయి. తిరిగొచ్చి, రెండు వేసవులు ఖాతంలోకి రామనీ, ఆ లోపల తమ దేశమూ ఫ్రీడా దేశమూ కలిసి పరిశోధనకు ఓడ పంపాలనీ, ఈ ఆలోచన మొదట తమదేననీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు. సుత్తి పడింది.

సాయంత్రం మెట్ల మీద ఆన్సెల్మ్ ఒక్కడే కనిపించాడు. ఫ్రీడా దగ్గరికి నడిచింది.

"ఏమయ్యా, ఆ ఒక్క ముక్క తొమ్మిదేళ్ళ కిందటే అనలేకపోయావా?"

"ఎవరడిగారమ్మా? నువ్వు మాట్లాడటమే మానేశావు."

ఆమెకు సిగ్గేసింది. తన పంతానికి ఎన్ని గూళ్ళు ఖాళీ అయ్యాయో అనిపించింది. మాట మార్చడానికి, "ఓడ బయలుదేరితే మనిద్దరం మళ్ళీ కలిసి వెళ్ళొచ్చు" అంది.

"నువ్వెళ్ళు. నన్నిక పంపరు. టీ వేళే చెప్పేశారు."

"మరి నీ చోటికి ఎవరొస్తారు?"

"ఎవరో కుదిరాడట" అన్నాడు ఆన్సెల్మ్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "అన్నీ ఖచ్చితంగా తెలిసినవాడు."