గొడుగుల తాతను చంపడం అంత తేలిక కాదు

గురువారం పొద్దున పళ్ల డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని వారపత్రిక తెరిచిన రచయిత్రికి ఒళ్లు భగ్గున మండింది. ఆవిడ మొగుడు గొడుగుల తాతని ఏట్లోకి తోసేశాడు. అదీ మామూలు ఏరు కాదు, వరదలో ఉన్న ఏరు.

కంగారు పడకండి. గొడుగుల తాత సీరియల్లో పాత్ర. వీధి మలుపులో చిన్న బడ్డీ పెట్టుకుని విరిగిన గొడుగులు బాగుచేసే ముసలాయన. బాగుచేసిన గొడుగుతో పాటు నాలుగు చీవాట్లు కూడా కలిపి ఇస్తాడు. ఆ సీరియల్‌ని మొగుడూ పెళ్లాం కలిసి ఒకే కలంపేరుతో రాస్తున్నారు. కలిసి అన్నది మాటవరసకే. ఒక వారం ఆయన రాస్తాడు, ఒక వారం ఆవిడ రాస్తుంది. ఎవరు రాసింది వాళ్లు కవర్లో పెట్టి అంటించి సంపాదకుడి చేతికి ఇచ్చి వస్తారు. రెండోవాళ్లు మిగతా పాఠకుల్లాగే గురువారం పత్రిక కొనుక్కుని చదువుకోవాలి. అచ్చులో పడ్డదాన్ని కాదనడానికి వీల్లేదు. అదంతా కల అని తేల్చేయడానికి అసలే వీల్లేదు. అన్నిటికన్నా పెద్ద షరతు ఏమిటంటే, సీరియల్ ఊసు ఇంట్లో ఎత్తకూడదు.

ఈ షరతులు ఊరికే పుట్టలేదు. మొదటి నవల పక్కపక్కన కూర్చునే రాశారు. హీరోయిన్‌కి కళ్లజోడు ఉండాలా వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఎవరి కంచం వాళ్లు పట్టుకుని ఎవరి గదిలో వాళ్లు తినేదాకా వచ్చింది. ఇలా అయితే నవల పూర్తయ్యేలోపు సంసారం పూర్తయ్యేలా ఉందని భయపడి సంపాదకుడే ఈ ఏర్పాటు చేశాడు. ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంట్లో కూరగాయలు, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ల కుక్క తప్ప వేరే మాటే లేకుండా పోయింది.

మొగుడుగారి ఉద్యోగం జీవితబీమా ఆఫీసులో, క్లెయిముల విభాగంలో. మనిషి ఎన్ని రకాలుగా పోవచ్చో ఆయనకి తెలిసినంతగా చావుకి కూడా తెలియదు. తాత మీద ఆయనకి కక్ష ఎందుకంటే, ఆయన ముచ్చటపడి సృష్టించుకున్న హీరోని తాత బతకనివ్వడు. హీరో ఆరడుగుల వాడు, ఉంగరాల జుట్టువాడు. రాసినాయనకి నుదురు ఎక్కడ అయిపోయి తల ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం, అది వేరే సంగతి. అంతటి హీరో బడ్డీ ముందు నుంచి ఠీవిగా పోతుంటే తాత ఊరుకోడు. "చూడు బాబూ, నువ్వు మంచివాడివే. కాకపోతే దానికి ఆధారాలే దొరకడం లేదు" అంటాడు. పాఠకులు విరగబడి నవ్వుతారు. హీరో మొహం మాడిపోతుంది.

సరే, ఏట్లో పడ్డ తాతని ఆవిడ చేపల వలలో పైకి తేల్చింది. ఒడ్డున పడీ పడగానే తాత కళ్లు తెరిచి, "ఇదేం అల్లికయ్యా, ఈ ముడులకి చేపలు ఆగుతాయా?" అని కాపాడినవాళ్లనే దులిపేశాడు. మొగుడు తన వంతు రాగానే బడ్డీకి నిప్పు పెట్టాడు. ఆవిడ తేల్చింది ఏమిటంటే, కాలింది బడ్డీ, అందులో కొక్కేనికి వేలాడుతున్న కోటూ మాత్రమే. తాత ఆ సమయానికి అవతలి వీధిలో, గొడుగు ఇచ్చి నెలల తరబడి తీసుకుపోని ఓ పెద్దమనిషి ఇంటి ముందు నిలబడి రంకెలు వేస్తున్నాడు. ఈసారి మొగుడు తాతని బస్సెక్కించి బస్సుని లోయలోకి దొర్లించాడు. ఆవిడ తాతని అంతకు ముందు స్టాపులోనే దింపేసింది. కిటికీ మూసుకోవడం లేదని కండక్టరుతో గొడవ పెట్టుకుంటే, భరించలేక మెడ పట్టి దింపేశారట. తగువులాడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు లోకంలో కోకొల్లలు. తగువులాడి ఇన్నిసార్లు బతికి బట్టకట్టినవాడు ఈ తాత ఒక్కడే.

"ఏమ్మా, ఈసారి మా తాత బతుకుతాడా లేదా?" అని పళ్ల డాక్టరు చేతిలో పనిముట్టుతోనే రిసెప్షన్ దాకా వచ్చి అడిగేవాడు. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని పడి ఉన్న మనిషి కూడా, నోటి నిండా దూది ఉన్నా, "ఆఁ? ఆఁ?" అని ఆరా తీసేవాడు.

వాళ్లకి ఇదంతా కాలక్షేపం. ఆవిడకి కాదు. ఆ చీవాట్లు, ఆ తగువులు, ఆ ఆధారాల మాట ఏవీ ఆవిడ కల్పించినవి కావు. అవి వాళ్ల నాన్నవి. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పోయిన ఏడాది ఆస్పత్రిలో పోయాడు. టీ తాగాలని ఉందంటే ఆవిడ కింద క్యాంటీన్‌కి వెళ్లింది. అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. ఎలాగో సంపాదించి పైకి తెచ్చేసరికి మంచం పక్కన మొగుడు నిలబడి ఉన్నాడు, నాన్న లేడు. ఆవిడ ఏడవలేదు. చేతిలో టీ ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. క్యాంటీన్లో అంతసేపు ఎందుకున్నానన్న ప్రశ్న ఆ రోజు నుంచి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నాన్న గొంతు కూడా మెల్లగా మరుగున పడిపోతుందేమోనని భయమేసి, గడియారాలు తీసేసి గొడుగులు పెట్టి, నాన్నని తీసుకొచ్చి సీరియల్లో కూర్చోబెట్టింది. ఆస్పత్రిలో ఎలాగూ పక్కన లేకపోయింది. ఇక్కడ మాత్రం ఆయన్ని పోనిచ్చేది లేదు.

ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. చెప్పాలంటే సీరియల్ ఊసెత్తాలి, అది ఎత్తకూడదు. అలా ఇంట్లో మాట్లాడకూడని విషయాల్లో సీరియల్‌తో పాటు నాన్న కూడా చేరిపోయాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, వేలమంది చేత కన్నీళ్లు పెట్టించినవాళ్లు. ఇంత తెలివితక్కువ పని వాళ్లకే చెల్లింది.

ఇలా ఉండగా ఒకరోజు సంపాదకుడు ఫోన్ చేసి చావు కబురు చల్లగా చెప్పాడు. "ఇంక రెండు వారాల్లో ముగించేయండమ్మా. చివర్లో తాత పోవాలి. జనం భోరున ఏడవాలి."

"పోకపోతే ఏమైంది?"

"ఇన్నిసార్లు బతికాక ఆయనకి కొత్తగా చెయ్యడానికి ఇంకేం మిగిలిందమ్మా?"

ఫోన్ పెట్టేసి ఆవిడ వంతులు లెక్కేసుకుంది. ముందు వారం తనది, చివరి వారం మొగుడిది. ఆయన చంపితే మళ్లీ బతికించడానికి ఇంకో వారం లేదు.

ఉన్న ఒక్క వారంలో తాత చుట్టూ కోట కట్టింది. ఏరు లేని, లోయ లేని చదును నేల మీద, కూతురి ఇంట్లో, కింది అంతస్తులో ఉంచింది. మెట్లు లేవు. పొయ్యి ఆయన గదికి ఆమడ దూరం. నేలంతా గచ్చు, పురుగూ పుట్రా దూరడానికి లేదు. ఓ డాక్టరు వచ్చి గుండె, ఊపిరి అన్నీ చూసి, మనిషి ఇనుములా ఉన్నాడని తేల్చాడు. ఆ డాక్టరుకి "ముందు నీ చెవుల్లో గొట్టం మార్చుకోవయ్యా" అని తాత సలహా ఇచ్చాడు. అధ్యాయమంతా ఇంతే. కథ అంగుళం కదల్లేదు.

"ఈ వారం ఏమీ జరగలేదేంటమ్మా?" అన్నాడు పళ్ల డాక్టరు.

"జరగకూడదనే రాశానండీ," అంది.

ఆదివారం మధ్యాహ్నం మొగుడు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. ఒలుస్తోందనే గాని ప్రాణమంతా ముందుగదిలోనే ఉంది. కాగితం చింపిన చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్లీ అదే చప్పుడు. చివరికి ఆయనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా వల్ల కావడం లేదు," అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. "సీరియల్ ఊసు ఇంట్లో ఎత్తకూడదు."

"మీ నాన్న ఊసు ఎత్తొచ్చా?"

ఒలుస్తున్న కాయ ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. "మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచీ. మంచివాడివే గాని ఆధారాలు దొరకడం లేదని మన పెళ్లయిన కొత్తలో ఆయన అన్నది నన్నే కదా. నువ్వు పక్కనే ఉండి పగలబడి నవ్వావు కూడా. అది నేను మర్చిపోతాననుకున్నావా?"

ఆవిడ అగ్గి మీద గుగ్గిలం అయింది. "తెలిసీ ఏట్లో తోశారా? తెలిసీ తగలబెట్టారా? మనిషేనా మీరు?"

"శవం చూపించానా?" అన్నాడాయన, తనూ గొంతు పెంచి. "ఒక్కసారైనా చూపించానా? క్లెయిముల్లో పనిచేస్తున్నవాణ్ణి, శవం దొరకని చావు చావు కాదని ఆ మాత్రం తెలియదా నాకు? ప్రతిసారీ నీకు సందు వదిలే చంపాను."

"ఎందుకు చంపడం, ఎందుకు వదలడం?"

"మావయ్యగారు పోయాక నువ్వు అలా కూర్చుండిపోయావు. పెడితే తినేదానివి, పిలిస్తే పలికేదానివి. నాకు భయమేసింది. ఏట్లో తోసిన రోజు నువ్వు ఇంటికొచ్చి తలుపు ధడేలుమని వేస్తే గోడ మీద సున్నం రాలింది చూడు, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకని నా వంతు వచ్చినప్పుడల్లా..."

"మా నాన్నని చంపుతూ కూర్చున్నారు."

"హీరోని తిట్టాడన్న కోపం కూడా కొంచెం ఉందిలే," అని ఒప్పుకున్నాడు.

ఆవిడకి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "మరి ఇప్పుడేమొచ్చింది? సంపాదకుడు అడిగాడుగా. చంపేయండి."

"ఈసారి శవం చూపించాలి. ఆఫీసులో నా బల్ల మీదికి రోజూ చావులే వస్తాయి గాని, నేను దగ్గరుండి చూసింది ఒక్కటే. అది నీకు చెప్పకుండా ఊరందరికీ ఎలా చెప్పను?"

ఆవిడ లేచి చేతులు కడుక్కుంది. ఏడాది నుంచి గొంతుకి అడ్డం పడి ఉన్న మాట అప్పటికి బయటికొచ్చింది. "ఎలా పోయాడు?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు తలుపు దాటగానే దగ్గరికి రమ్మన్నాడు. గోడ గడియారం వెనకబడి ఉందని తిట్టాడు. నర్సుని పిలవనా అంటే, ఆవిడేం బాగుచేస్తుంది అన్నాడు. ఓపిక పట్టండి, అమ్మాయి ఇప్పుడే టీ తెచ్చేస్తుంది అన్నాను. నాకు టీ ఎందుకయ్యా అన్నాడు."

"అదేంటి! అడిగింది ఆయనేగా!"

"నిన్ను బయటికి పంపడానికి అడిగాడు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "'అదుంటే నన్ను పోనివ్వదు అల్లుడూ. అచ్చం నా మొండితనమే దానిది. అది వచ్చేలోపు కానిచ్చేస్తాను' అన్నాడు. కానిచ్చేశాడు."

ఆవిడ ఏడ్చింది. ఏడాది పాటు రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. మధ్యలో కోపం కూడా వచ్చింది. "ఆ టీ కోసం నేను ఎంతమందిని తోసుకుని వెళ్లానో తెలుసా? మా నాన్న ఎదురుచూస్తున్నాడు తప్పుకోండి తప్పుకోండి అని ఒక ముసలావిడని కూడా నెట్టేశాను!" అంటూ వెక్కింది. అంతలోనే నాన్న చేసిన పనికి నవ్వొచ్చింది. "చివరిదాకా ఆయన మాటే నెగ్గాలి," అంది. మొగుడు తన చేతిరుమాలు ఇచ్చాడు. తర్వాత దాన్ని తనే తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంతవరకు చెప్పలేదేం?"

"బల్లకి అవతల కూర్చున్నవాళ్లకి చెప్పడం అలవాటే. ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలో చేతకాలేదు. నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను. నువ్వు అడగలేదు."

సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. కూర్చోవడమే తడవు తగువు మొదలైంది.

"పోయిన వారం ఇనుములా ఉన్న మనిషి ఈ వారం ఎలా పోతాడండీ?" అంది.

"మా ఆఫీసుకి వచ్చి చూడు. అందరూ అలాంటివాళ్లే," అన్నాడు.

తాత మంచం కిటికీ వైపు ఉండాలని ఆయన, తలుపు వైపు ఉండాలని ఆవిడ. ఆవిడే గెలిచింది. మంచం పక్కన కూతురు కూర్చుని తాత చెయ్యి పట్టుకుంది. అంతవరకు సాఫీగానే సాగింది. అక్కడ కలం ఆగిపోయింది. కూతురు అలా పట్టుకుని కూర్చుంటే ఆయన పోలేడు. ఆ ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల కోసం వెనక్కి తగ్గే రకం కాదు.

"నేను రాయనా?" అన్నాడు మొగుడు మెల్లగా.

"వద్దు. ఇది నేనే రాయాలి."

తాత కళ్లు తెరిచి, నల్లదారం అయిపోయింది, కొట్టుకెళ్లి ఒక ఉండ పట్రా అన్నాడు. రేపు తెస్తాలే నాన్నా అంది కూతురు. వీల్లేదు, ఇప్పుడే కావాలి అన్నాడు. కూతురు లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఇంకా అక్కడే నిలబడ్డావా, కొట్టు కట్టేస్తాడు అని కసిరాడు. అక్కడ రచయిత్రి చాలాసేపు ఆగింది. మొగుడు పక్కనే ఉన్నాడు, తొందర పెట్టలేదు. తర్వాత "వెళ్లొస్తా నాన్నా" అని రాసి, కూతుర్ని గుమ్మం దాటించి, తలుపు దగ్గరగా వేయించింది. గదిలో ఆ తర్వాత జరిగింది రాయమని కలం మొగుడి చేతికిచ్చింది.